ఆరున్నర మార్కుల సినిమాలు

ప్రశ్న: మాది పరకాల. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పొద్దుపోక సినిమాలు చూడడం మొదలుపెట్టాను. చూసిన ప్రతిదానికీ నోటుబుక్కులో పదికి ఇన్ని అని మార్కులు వేసి, పక్కన ఒకటి రెండు ముక్కలు రాస్తాను. నెలాఖరున ఆ పేజీని ఫోటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతాను. పోయిన నెలలో తొమ్మిది చూశాను. ఆ పేజీ చూసి హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి, "బాపూ, నువ్వు సినిమాలు చూస్తున్నావా, పేపర్లు దిద్దుతున్నావా?" అంది. గ్రూపులో అందరూ నవ్వారు. అప్పటి నుంచి నోటుబుక్కు తెరవబుద్ధి కావడం లేదు. పేజీ నకలు జతచేస్తున్నాను. నాకు సినిమా చూడడం రాదా, రాయడం రాదా? మానేయమంటారా?

- ఒక లెక్కల సారు, పరకాల

సమాధానం:

సారూ, నమస్కారం.

ఏమీ అనుకోకండి, మీ పేజీని నేనూ దిద్దాను. తొమ్మిది సినిమాల మార్కులు కూడి సగటు తీస్తే ఆరున్నర మీద వెంట్రుకవాసి వచ్చింది. నాలుగింటికైతే మీరు అచ్చంగా ఆరున్నరే వేశారు. ఆరున్నర అంటే ఏమిటో నాకంటే మీకే బాగా తెలుసు. పిల్లవాడి మీద కోపం లేదు, ప్రేమా లేదు, పేపరు మళ్లీ తిరగేసే ఓపిక అసలే లేదు.

ఆ నాలుగూ కొత్త సినిమాలు. మూడింటి పక్కన "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశారు" అని ఉంది. నాలుగోదానికి దాన్నే తిరగేసి "ఫస్టాఫ్ సాగదీశారు, సెకండాఫ్ పరవాలేదు" అన్నారు. పేర్ల మీద చెయ్యి అడ్డం పెట్టి చదివి చూడండి, ఏ వాక్యం ఏ సినిమాదో మీరే చెప్పలేరు. నాలుగు మార్కులు పడిన ఐదో కొత్త సినిమాకు ఆ వాక్యం కూడా దక్కలేదు, "వేస్ట్" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ ఐదింటి పేర్లు నేనిక్కడ ఎత్తడం లేదు. వాటి గురించి మీరేమీ చెప్పలేదు కాబట్టి నేను జవాబిచ్చేదీ లేదు.

మీ అమ్మాయి మాటలో సగం నిజముంది. రెండో సగం తప్పని మీ పేజీలోనే ఒక మూల రుజువుంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఈ "సగాల" సంగతి తేలాలి. పథేర్ పాంచాలికి మీరు ఆరు వేసి, "ఫస్టాఫ్ నెమ్మది, కథ లేదు" అని రాశారు. దాన్ని ఫోనులో చూశానని పక్కనే ఉంది. ఫోనులో ఇంటర్వెల్ పడదు కదా, మరి ఫస్టాఫ్ ఎక్కడ ముగిసింది? మీరు లేచి టీ పెట్టుకున్న చోట ముగిసి ఉండాలి. మీ ఒక్కరినే అనడం లేదు, మనందరి తీరూ ఇంతే. సమోసా కోసం లేచే అలవాటు మన మాటలోకి ఎంత దిగిపోయిందంటే, ఎక్కడి సినిమానైనా సరే మధ్యకు విరిచి, ఈ ముక్క తీపి, ఆ ముక్క చేదు అని తేల్చేస్తాం.

ఇక కథ లేదన్న మాట. 1955లో సత్యజిత్ రాయ్ ఆ సినిమా తీశారు. విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల దానికి ఆధారం, సంగీతం రవిశంకర్‌ది. అందులో పొరుగింటి పిల్ల పూసల దండ ఒకటి పోతుంది. దుర్గ అనే పేదింటి పిల్లే తీసిందని నింద పడుతుంది. తల్లి జుట్టు పట్టుకుని ఈడ్చి కొట్టినా దుర్గ ఒప్పుకోదు. ఆ తర్వాత వాన, జ్వరం, దుర్గ చావు. ఊరు వదిలి వెళ్లేందుకు ఇంట్లో వాళ్లు సామాను సర్దుతుంటే, తమ్ముడు అపూకి పై అరలోని ఒక చిప్పలో ఆ దండ దొరుకుతుంది. తల్లికి చెప్పడు, తండ్రికి చూపించడు. పరుగెత్తుకెళ్లి చెరువులోకి విసిరేస్తాడు. నీళ్ల మీది నాచు దండ పడ్డ చోట గుండ్రంగా విడిపోయి, మెల్లగా మళ్లీ దగ్గరికి వచ్చి మూసుకుంటుంది. ముప్పై రెండేళ్లు బోర్డు మీద "తెలియని రాశి విలువ కనుక్కోండి" అని రాసిన మనిషి మీరు. లెక్క తేలిపోయింది, జవాబును మాత్రం ఆ పిల్లవాడు ఎవరూ చూడకుండా నీళ్లలో పారేశాడు. దీన్ని కథ లేదనడానికి మీకు మనసెలా ఒప్పింది?

ఆ సినిమా అనగానే అందరూ రైలు దృశ్యం గురించి చెబుతారు, రెల్లు పూల మధ్య నుంచి పిల్లలిద్దరూ పరుగెత్తడం. నేను కాజీపేట జంక్షన్ దగ్గర పెరిగినదాన్ని. కూత వింటూ నిద్రపోయేవాళ్లం, కూత వినబడకపోతే మెలకువ వచ్చేది. రైలును చూడడానికి ఎవరైనా అంత దూరం పరుగెత్తుతారా అని మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంతకీ అర్థం కాలేదు. పరకాలకు రైలు లేదు. ఆ పరుగు మీకు నాకంటే ముందే అర్థమై ఉండాలి. మీరు మొట్టమొదట రైలును ఎప్పుడు, ఎక్కడ చూశారు? అది మీ పేజీలో ఉండి ఉంటే ఆరు మార్కులు ఎవరికి కావాలి?

ఇప్పుడు ఆ మూల దగ్గరికి వస్తున్నాను. దొర ఉండే కోటలాంటి గడిలో చాకిరీ చేసే ఆమె కథ, దాసి సినిమాకు మీరు ఐదు వేశారు, మీరు చూసిన పాత సినిమాల్లో అతి తక్కువ మార్కులు దానికే. "చాలా నెమ్మది. మాటలు తక్కువ." అంతవరకు మీ మామూలు చేతిరాత. దాని కింద, గీత దాటి, చీమ తలకాయంత అక్షరాలతో బ్రాకెట్లో ఇలా ఉంది: "మా నాయనమ్మ గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకునేదట."

మీ పేజీలో నేను ఆగి రెండోసారి చదివిన వాక్యం ఇదొక్కటే. దాన్నేమో మీరు సిలబస్‌లో లేని పాఠంలా బ్రాకెట్లో పెట్టి మూసేశారు.

బి. నర్సింగరావు 1988లో తీసిన ఆ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. దాసి కమలాక్షిగా నటించిన అర్చన ఉత్తమ నటి. గడి లోపలి లోకాన్ని కళా దర్శకుడిగా దిద్దింది మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన చిత్రకారుడు తోట వైకుంఠం. ఈ అవార్డుల లెక్క చూసి మీ ఐదును పెంచమని నేను అడగను. అవార్డు వచ్చినంత మాత్రాన మనకు నచ్చి తీరాలా? నెమ్మదిగా ఉందన్నది నిజమే. ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక గడియ కూడా లేదు, సినిమా ఆమె చాకిరీ వెంటే, ఆ చాకిరీ సాగినంత సేపూ నడుస్తుంది. దాచడం ఎందుకు, నాకూ ఒక చోట కునుకు పట్టింది. నా నోటుబుక్కులో "ఇక్కడ కునుకు పట్టింది, లేచేసరికి ఆమె ఇంకా పని చేస్తూనే ఉంది" అని రాసుకున్నాను. మీరు కూడా విసుగు పుడితే పుట్టిందనే రాయండి, తప్పులేదు. ఎక్కడ పుట్టింది, ఆ క్షణాన తెర మీద ఏముంది అన్నది కూడా రాయండి. "నెమ్మది" అని ఒక్క మాటతో వదిలేస్తే అది ఎద్దుబండికీ సరిపోతుంది, ప్యాసింజర్ రైలుకూ సరిపోతుంది.

ఇంకొకరి పేజీని ఇంతసేపు దిద్దాక నా పేజీ చూపించకపోతే మర్యాద కాదు. పోయిన నెలలో నేను ఆరు సినిమాలు మొదలుపెట్టాను, నాలుగు పూర్తి చేశాను. వదిలేసిన రెండింటిలో ఒకటి మా హనుమకొండలోనే, థియేటర్లో. వెళ్లిన పావుగంటకు ఏసీ ఆగిపోయింది. అడిగితే "ఇప్పుడే వస్తుంది మేడమ్" అన్నారు. ఇంటర్వెల్ దాకా అది రాలేదు, ఇంటర్వెల్ కాగానే నేను వెళ్లిపోయాను. ఆ రాత్రి రాసి ఉంటే ఆ దర్శకుణ్ణి చీల్చి చెండాడేదాన్ని. మర్నాడు పొద్దున రాశాను కాబట్టి, "ఏసీ లేదు. తలనొప్పి. సినిమా తప్పెంతో, ఏసీ తప్పెంతో తేలలేదు" అని మాత్రమే ఉంది. మీ తొమ్మిదింటిలో ఆరు రాత్రి పదకొండు దాటాక ఒంటరిగా, ఫోనులో చూసినవని మీరే గుర్తు పెట్టారు. ఆ నాలుగు ఆరున్నరలూ ఆ ఆరింటిలోవే. సాగదీసింది సినిమాయో, మీ నిద్రో, నాకైతే అనుమానంగా ఉంది.

నేను పూర్తి చేసిన వాటిలో మీ పేజీలోనూ ఉన్నది బలగం. వేణు యెల్దండి 2023లో తీసినది. సిరిసిల్ల వైపు ఊరు, పెద్దాయన కొమురయ్య చావు, నల్లి బొక్క, అంటే మూలుగ ఎముక, దగ్గర మొదలై ఏళ్ల తరబడి ముదిరిన బావాబామ్మర్దుల పగ, పెట్టిన ముద్దను ముట్టని కాకి. మీరు ఎనిమిది వేసి, "మా ఆవిడతో చూశాను. ఏడుపొచ్చింది" అన్నారు. వచ్చే ఉంటుంది. ఎక్కడ వచ్చింది? చివర్లో దుగ్గొండి వైపు బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడే పాట దగ్గర ఊళ్లకు ఊళ్లే ఏడ్చాయి. మీరూ అక్కడేనా? లేక ఎవరూ ఏడవని ఇంకే చోటనైనా వచ్చి, పక్కన ఉన్న మనిషికి కనబడకుండా కళ్లు తుడుచుకున్నారా? రెండోది అయితే అదే రాయాల్సింది. ఏడుపొచ్చిందని రాయడానికి అరనిమిషం చాలు, ఎక్కడ వచ్చిందో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది.

నేను ఆ సినిమాను ఈసారి చూసిన చోటు చెబితే నమ్మరు. జమ్మికుంటలో మా పెద్దమ్మ ఇంట్లో, పెద్దనాన్న పోయిన తొమ్మిదో రోజు రాత్రి. ఇంటి నిండా చుట్టాలు. ఎవరి పిల్లవాడో టీవీ పెడితే అదే వస్తోంది. "ఇప్పుడా ఇది? తీసెయ్!" అని ఇద్దరు ముగ్గురు కసిరారు. పెద్దమ్మ మంచం మీంచి "ఉండనీ" అంది. ఇంక ఎవరు కట్టేస్తారు? అందరం చూశాం. చివరి పాట వచ్చేసరికి ఇల్లంతా ముక్కులు చీదుతోంది. నేను తెర వదిలేసి పెద్దమ్మ ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆమె కంట చుక్క లేదు. పాట అయ్యాక ఇటు తిరిగి, "విస్తరాకులు ఎన్ని తెప్పించారు?" అని అడిగింది.

పదకొండో రోజున ముద్ద పెట్టి అందరూ వెనక్కి జరగక ముందే కాకి వచ్చి వాలింది. సినిమా కాకికి ఉన్న పట్టుదల మా కాకికి లేకపోయింది. వెనక నుంచి ఎవరో "ఇది బలగం చూసి వచ్చినట్టుంది" అంటే, కర్మ దగ్గర నవ్వకూడదని తెలిసి కూడా నలుగురం నవ్వాం.

ఇంటికి తిరిగి వచ్చిన వారానికి ఇకిరు చూశాను. 1952 నాటి జపాన్ సినిమా, అకిరా కురోసావాది. బలగానికి జోడీగా ఉంటుందని వెతికి పెట్టుకున్నది కాదు, అలా కలిసొచ్చింది. వతనబె అని ఒక నగర కార్యాలయం ఉద్యోగి. ముప్పై ఏళ్లుగా కాగితాల మీద ముద్ర కొట్టడమే అతని పని. కడుపులో క్యాన్సరని తెలిశాక, పేటలోని ఆడవాళ్లు కాళ్లరిగేలా తిరుగుతున్నా కదలని పిల్లల పార్కు ఫైలు ఒకటి తీసి, దాని వెంట పడతాడు. సినిమా ఇంకా చాలా మిగిలి ఉండగానే అతను చనిపోతాడు. తర్వాత కథ చాలావరకు సంతాపానికి వచ్చిన తోటి ఉద్యోగులు అతని ఫోటో ముందు చాపల మీద కూర్చుని, తాగుతూ, పార్కు ఘనత ఎవరిదని వాదించుకోవడమే. భాష జపానుదే గానీ మాటలు మనవే, కర్మనాడు కల్లు లొట్టి దగ్గర జరిగేవి. మొదట పెద్ద అధికారి ఉన్నంత సేపు ఘనత అంతా ఆయనదే. ఇంతలో ఆ పేట ఆడవాళ్లు వచ్చి ఫోటో ముందు కూర్చుని ఏడ్చి వెళ్తారు. అధికారులకు నోట మాట రాదు, కాసేపటికి లేచి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఒక పోలీసు వస్తాడు, చేతిలో వతనబె టోపీ. పార్కులో దొరికిందని చెప్పి ఇస్తాడు.

మంచు పడుతుంటే ఉయ్యాల మీద కూర్చుని అతను పాడే దృశ్యం గురించి ప్రపంచమంతా రాసింది. నేను చేర్చేదేమీ లేదు. నాకు మిగిలింది టోపీ. ఎందుకంటే జమ్మికుంటలో గోడ మేకుకు పెద్దనాన్న గొడుగు ఇంకా వేలాడుతూనే ఉంది. పదకొండు రోజులు అంతమంది అటూ ఇటూ తిరిగాం, దాన్ని ఎవరూ తీయలేదు, ఎవరూ అడగలేదు.

నా నోటుబుక్కులో ఆ రెండు సినిమాలకూ కలిపి ఉన్నవి రెండే మాటలు: "బలగం - విస్తరాకులు. ఇకిరు - టోపీ." మిగతాదంతా ఇప్పుడు మీకు రాస్తుంటే వాటి వెనకే వచ్చింది. అందుకే సినిమాకు ఒక్క వస్తువు చాలంటాను, చూసిందో విన్నదో. తర్వాత ఎప్పుడు కావాలన్నా దాని కొస పట్టుకుని లాగవచ్చు. "సెకండాఫ్ సాగదీశారు" అన్నదాన్ని ఆర్నెల్ల తర్వాత లాగి చూడండి, ఏమీ రాదు.

మాయాబజార్‌కు పదికి పది వేసి "ఇలాంటివి ఇప్పుడు రావు" అన్నారు. అది సినిమా గురించిన మాట కాదు సారూ, ఇప్పటి రోజుల మీద నిట్టూర్పు. 1957 నుంచి మన పెద్దలు నిట్టూరుస్తూనే ఉన్నారు, మనమూ కొత్తగా నిట్టూర్చాలా? దాని గురించి ఒక చిన్న సంగతి చెబుతాను. పాండవుల ఇంటి అబ్బాయి పెళ్లి చుట్టూ అంత గొడవ జరుగుతుందా, పాండవులు ఒక్కరంటే ఒక్కరు తెర మీద కనబడరు. ఇరవై సార్లు చూసి కూడా ఇంకొకరు చెప్పేదాకా నేను గమనించలేదు. మీరు గమనించారా? లేక శశిరేఖ రూపం ఎత్తిన ఘటోత్కచుడిగా సావిత్రి ఆ నడక నడుస్తుంటే నాలాగే మిగతావన్నీ మరిచిపోయారా? ఏదైనా సరే, పదికి పది కంటే ఎక్కువే చెబుతుంది.

మానేయమంటారా అని అడిగారు. మానకండి. చూసిన రాత్రే రాయడం మాత్రం మానేయండి. పొద్దున టీ తాగేటప్పుడు రాయండి, రాత్రంతా నిలిచినదే కాగితం మీదికి వస్తుంది. తేదీ, ఎక్కడ చూశారు, పక్కన ఎవరున్నారు, ఇవి తప్పకుండా ఉండాలి. మీ ఆవిడతో చూసిన రెండింటి దగ్గరే మీ వాక్యాలు కాస్త మెత్తబడ్డాయి, ఆ సంగతి మీరు గమనించారో లేదో. కథ రాయకండి, కథ అందరికీ తెలుసు, తెలియనివారికి చెప్పేస్తే తిట్టుకుంటారు. మార్కులు వేయకుండా చెయ్యి ఆగదంటారా, ముప్పై రెండేళ్ల అలవాటు ఒక్క నెలలో పోతుందని నేనూ అనుకోను. వేయండి. ఈసారి బ్రాకెట్లో మార్కులు పెట్టి, బ్రాకెట్లో దాచిన మాటను బయటికి తీయండి.

మీ అమ్మాయి నవ్వింది నిజమే, అంతకుముందు పేజీ అంతా చదివింది కూడా. కుటుంబం గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ పూలబొకేలు తప్ప ఎవరు ఏం చదువుతున్నారు?

వచ్చే నెల దాకా ఆగకుండా దాసి పేజీ ఒక్కటి మళ్లీ రాసి పంపండి. ఆ గడి ఏ ఊరిది, నాయనమ్మ ఆ మాట మీకే చెప్పిందా, ఇంకెవరితోనో అంటుంటే విన్నారా, అప్పుడు మీకెన్నేళ్లు. చెప్పులు ఎక్కడ విప్పేది, గడి దాటి ఎన్ని అడుగులు నడిచాక మళ్లీ వేసుకునేది. అడుగుల లెక్క మాత్రం మీ పద్ధతిలో కచ్చితంగా ఉండాలి.